బెత్తెడు వెలితి

మా ఆయన మొదలుపెట్టిన ఏ పనినీ చివరికంటా చేసిన పాపాన పోలేదు. అలాగని సోమరి అనుకునేరు, కాదు. సగంలో వదిలేసి పారిపోయే రకమూ కాదు. ఇల్లంతా చేసేవారు. గోడల వారన చెక్క పట్టీలు బిగించుకుంటూ గదులన్నీ చుట్టి వచ్చి, సరిగ్గా ఇంకో బెత్తెడు మిగిలిందనగా ఆగిపోయేవారు. ఆ బెత్తెడు ముక్క పెడితే పని అయిపోతుంది. అదే పెట్టరు. సామాను సంచిలో సర్దుకుని, చేతులు కడుక్కుని, "మళ్లీ వస్తానండీ" అని చెప్పి వచ్చేసేవారు.

అందుకే మా పేటలో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. బెత్తెడు మేస్త్రి అంటే చాలు, ఎవరైనా మా ఇల్లు చూపించేవాళ్లు. మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. పోనుపోను అలవాటైంది. కూరగాయల బండివాడు "బెత్తెడు మేస్త్రిగారింటి అమ్మగారూ, టమాటాలు బాగున్నాయి" అని కేకేస్తే, తిరిగి చూసి నింపాదిగా బేరమాడేదాన్ని.

ఆయన పని ఉన్న ఇళ్లను బాగుచేయడం. పాత నేల మీద కొత్త చెక్క పలకలు పరచడం, తలుపులకీ కిటికీలకీ చుట్టూ పట్టీలు కొట్టడం, వంటగది అరలు మార్చడం. మిగతా మేస్త్రీలు వచ్చారంటే ముందు సుత్తి చప్పుడు, ఆ వెనక గోడ పెచ్చులు రాలడం. ఈయన వస్తే ఏ చప్పుడూ ఉండదు. నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒక కన్ను మూసి తలుపు కిందికి చూస్తూ ఉండిపోయేవారు. కొత్తవాళ్లు మనిషికేమైనా అయిందేమోనని హడలిపోయేవాళ్లు. ఒకళ్లింట్లో అయితే మొహాన నీళ్లు కూడా కొట్టారు. "నేల వాటం చూస్తున్నానమ్మా" అని తడి మొహంతోనే, లేవకుండానే చెప్పారట.

పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి వెళ్లాం. మా అమ్మ టీ పట్టుకొచ్చి చుట్టూ చూసింది.

"అల్లుడుగారేరే?"

"మంచం కింద ఉన్నారమ్మా."

"అయ్యో, ఏం పోగొట్టుకున్నారు?"

"ఏం లేదు. మన నేలా గోడా ఎక్కడ కలుసుకుంటున్నాయో చూస్తున్నారు."

మా అమ్మ టీ గ్లాసుతోనే వంగి మంచం కిందికి చూసి, "కలుసుకున్నాయటా?" అంది.

కోత మిషను ఇంటికొచ్చిన సాయంత్రం నాకు నిన్నగాక మొన్నలా ఉంది. అంతవరకూ ఉలీ, చేతిరంపమే ఆయన ఆస్తి. చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చి, నేను వంట చేస్తున్న గట్టు మీదే పెట్టి విప్పారు. చేతిలో ఇమిడే లావుపాటి గొట్టంలా ఉంది. దాని మూతికి అడ్డంగా చిన్న రేకు పలక లాంటి బ్లేడు, బ్లేడు అంచున సన్నటి పళ్లు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. మల్టీటూల్ అంటారు. మామూలు మిషను రంపంలా గిర్రున తిరగదు. ఉన్నచోటే ఉండి అటూ ఇటూ వణుకుతుంది."

"వణికితే తెగుతుందా?"

"నా మీద కోపమొచ్చి మాట రానప్పుడు నువ్వు వణుకుతావు చూడు. అప్పుడు నేను తెగట్లేదూ?"

"అయితే నాకూ ఒక బ్లేడు బిగించండి."

నవ్వులాట అలా ఉంచితే, దాని పనితనం నేను కళ్లారా చూశాను. గోడకి బిగించేసిన పట్టీని ఊడబీకకుండా ఉన్నచోటే నిలువునా కోయాలన్నా, చెయ్యి దూరని మూలలో మేకు తల తెంపాలన్నా అదే. తలుపు చట్రం కాలి దగ్గర ఆయన కోసే తీరు చూసి తీరాలి. నేల మీద పరవబోయే పలక ముక్కనొకదాన్ని చట్రం పక్కన పడుకోబెట్టి, దాని మీద బ్లేడుని బల్లపరుపుగా ఆనించి కోసేవారు. పలక ఎంత మందమో కోత అంత ఎత్తు. ఆ సందులోకి కొత్త పలకని జరిపితే, ఆ తలుపు దాని మీదే పుట్టినట్టు కూర్చునేది.

"చూశావా, ఎవర్నీ లేపకుండా చోటు చేసుకున్నాం" అనేవారు, బస్సులో సీటు దొరికినవాడిలా.

ఆ మొదటి సాయంత్రమే పనితనం చూపిస్తానని బయల్దేరారు. మా వంటగదికీ ముందుగదికీ మధ్య ప్లైవుడ్ అడ్డుగోడ ఉంది. "స్విచ్చుబోర్డు కన్నం ఎంత నీటుగా తీస్తుందో చూడు" అని నాలుగు గీతలు గీసి, నాలుగు కోతలు కోసి, ముక్కని ఇవతలికి తోసేశారు. నిజంగానే నీటుగా వచ్చింది. స్విచ్చుబోర్డు మాత్రం రాలేదు. రెండ్రోజులు చూసి అడిగాను.

"ఏవండీ, ఆ బోర్డు?"

"రేపు."

"నిన్న కూడా రేపన్నారు."

"అన్నాను కదా. అన్నమాట మీదే ఉన్నాను."

ఇంక ఆ కన్నం అలాగే ఉండిపోయింది. మర్నాటి నుంచి టీ వేళకి అందులోంచి ఒక చెయ్యి వచ్చేది. మొహం ఉండదు, మాట ఉండదు, చెయ్యి ఒక్కటే. గ్లాసు పెడితే తీసుకుని పోయేది. ఒకసారి చూద్దామని ఉప్పు డబ్బా పెట్టాను. అదీ తీసుకుపోయింది. కాసేపయ్యాక చెయ్యి మళ్లీ వచ్చి, ఉప్పు డబ్బా యథాస్థానంలో పెట్టి, గ్లాసు కోసం వేళ్లు ఆడించింది. ఊళ్లో కబుర్లన్నీ ఆ కన్నంలోంచే చెప్పేవారు. ఎవరింటి గోడ ఎంత వంకర, ఎవరు టీలో పంచదార కుమ్మరిస్తారు, ఎవరింట్లో ఇంకా బెత్తెడు మిగిలింది, అన్నీ.

ఇప్పుడు ఆ కన్నంలోంచి చూస్తే ముందుగదిలో కుర్చీ వీపు కనిపిస్తుంది. వంట చేస్తున్నంతసేపూ అటు చూడకూడదనే అనుకుంటాను. అన్నం ఉడికేలోపు ఎన్నిసార్లు చూస్తానో.

ఆ మిగిలిపోయిన బెత్తెళ్ల కోసం పేటలో వాళ్లు మా ఇంటి చుట్టూ తిరిగేవాళ్లు. ఆయన దగ్గర సాకులకి కరువుండేది కాదు. చెక్క పచ్చిగా ఉంది, ఆరాలి. బ్లేడు మొండిదైంది, కొత్తది రావాలి. ఒకాయనకైతే, "మీ గోడ పోయినవారం కంటే ఈవారం వంకరగా ఉందండీ, కాస్త కుదుటపడనివ్వండి" అని చెప్పి పంపించారు. ఆయన సరేనని తలూపి వెళ్లాడు కూడా. అన్నింటికంటే ఎక్కువగా వాడిన సాకు ఒకటుంది. ముక్క కోసుకుని వెళ్లేవారు. వెళ్లాక అది పొట్టిదయ్యేది. ఇంకోటి కోసేవారు. అదీ పొట్టిదే.

ఆ పొట్టి ముక్కలన్నీ మా ఇంటికి చేరేవి. వేడి గిన్నె దించాలంటే పొట్టి ముక్క. కిటికీ కొట్టుకోకుండా పొట్టి ముక్క. మంచం కోడు కింద పొట్టి ముక్క. ఊరందరి వెలితీ మా ఇంట్లో పోగుపడింది. మా ఇంట్లో వెలితికి మాత్రం ఒక్క ముక్కా దొరకలేదు. వంటగది అరల కింద పట్టీలో బెత్తెడు అలాగే ఉంది. చీమలు అక్కడ రోడ్డు వేసుకుని, రెండు వైపులా రాకపోకలు కూడా మొదలుపెట్టాయి.

"వదినా, నువ్వు అనవసరంగా ఆయాసపడుతున్నావు" అనేది మా ఆడపడుచు. ఆయనకి చెల్లెలు, పక్కవీధిలోనే ఉంటుంది. "అన్నయ్య చిన్నప్పుడు అన్నం తిన్నా ఆఖరి ముద్ద వదిలేసేవాడు. అమ్మ కొట్టేది. ఆఖరి దెబ్బ పడకముందే పారిపోయేవాడు."

అటువంటి మనిషి, పోవడం మాత్రం ఏమీ మిగల్చకుండా పోయారు. పొద్దున టీ తాగి నడుం వాల్చారు, అంతే. రేపన్లేదు, మళ్లీ వస్తాననీ అన్లేదు. ఆయన చివరికంటా పూర్తిచేసిన పని అదొక్కటే. దానికి మాత్రం ఎవరు తొందరపెట్టారని.

పలకరించడానికి పేటంతా వచ్చింది. అందరూ మంచివాడన్నారు. సామాన్ల కొట్టాయన చెప్పులు తొడుక్కుంటూ పక్కాయనతో అన్న మాట నా చెవిన పడింది. "మంచి పనివాడే. ఆఖరి ముక్క బిగించడమే చేతకాలేదు పాపం."

చేతకాలేదు అన్న మాట నాకు గుచ్చుకుంది. బద్ధకం అంటే ఊరుకునేదాన్ని, నేనే లక్షసార్లు అన్నాను. పిచ్చి అన్నా ఊరుకునేదాన్ని. కానీ ఆ చేతులకి చేతకాదనడమేమిటి. ఇన్ని ఇళ్లల్లో ఇన్ని మూలలు నున్నగా కలిపిన మనిషి. మనిషి లేకుండా పోయాక ఆయన గురించి మిగిలేది ఆ ఒక్క మాటేనా. కూర్చుని ఆలోచించాను. ఏయే ఇళ్లల్లో బెత్తెళ్లు మిగిలాయో నాకు తెలుసు, కన్నంలోంచి విన్నవే. అవి పూడ్చేస్తే ఆ మాటకి నిలువ నీడ ఉండదు. ఇంకో మేస్త్రిని పిలవడం నాకిష్టం లేకపోయింది. ఆయన పనిలో వేరేవాడి చెయ్యి పడితే చేతకాలేదన్నమాట నేనే ఒప్పుకున్నట్టు.

మిషను పెట్టె దింపాను. పట్టుకునేచోట ఆయన నల్ల టేపు చుట్టుకున్నారు. వేళ్లు పడేచోట టేపు అరిగి నున్నగా పల్లమై ఉంది. నా వేళ్లు ఆ పల్లాల్లో కుదరలేదు. అయినా అక్కడే పెట్టుకున్నాను.

ఆ సమయానికి ఆడపడుచు వచ్చింది.

"ఏం చేస్తున్నావు వదినా? మిక్సీ వేయాలంటేనే చెవులు మూసుకుంటావు నువ్వు."

"ఇప్పుడూ మూసుకుందామనే ఉంది. చేతులు ఖాళీ లేవు. నువ్వొచ్చి ముయ్యి."

తమాషాకి అన్నాను. అది నిజంగానే నా వెనక నిలబడి రెండు చేతులతో నా చెవులు మూసింది. అలా ఇద్దరం ఒకే మనిషిలా గట్టు మీదికి వంగి, ఒక పొట్టి ముక్క మీద మొదటి కోత కోశాం. నేను బలమంతా పెట్టి నొక్కాను. పొగ వచ్చింది. చెక్క మాడి నల్లబడింది కానీ తెగలేదు.

"నొక్కకు. వణకడం దాని పని, దాన్ని చేసుకోనీ. నువ్వు ఊరికే దారి చూపించు" అని ఆయన ఎవరికో నేర్పిన సంగతి నాకు చెప్పారొకప్పుడు. చెయ్యి తేలిక చేశాను. బ్లేడుని కాస్త అటూ ఇటూ ఊపుకుంటూ వదిలాను. ముక్క ఠక్కున రాలింది. మిషను ఆపేశాక కూడా అరచేతిలో ఆ వణుకు కాసేపు ఉండిపోయింది. చెయ్యి ముడుచుకుని పట్టుకున్నాను, పోకుండా.

ఆడపడుచు నా చెవుల మీంచి చేతులు తీసి తొంగి చూసింది. "ఏడుస్తున్నావా?"

"రంపప్పొట్టు పడింది."

"నువ్వు కోసిందే ఇంత. అంత పొట్టెక్కడిది వదినా" అంటూ తన కళ్లూ తుడుచుకుంది.

ముందుగా డ్రైవరు బాబాయిగారింటికి వెళ్లాను. బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ముందుగది నేల మార్పించుకున్నారు. నేను తలుపు ఒక్కసారి తట్టానో లేదో తెరిచేశారు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నారు.

"నేను బాబాయిగారూ, బెత్తెడు..."

"తెలుసులే, రా. చేతిలో ఏంటది, ఆడి మిషనా?"

"మీ ఇంట్లో ముక్క ఉండిపోయింది కదండీ. పెట్టేసి వెళ్దామని."

ఆయన మొహం వాడిపోయింది. "ఇవాళ కుదర్దమ్మాయ్. గోడకి రంగేయిస్తున్నా."

గోడ వంక చూశాను. ఆ గోడ రంగు చూసి ఏ కాలమైందో. "రంగువాళ్లొచ్చేలోపు అయిపోతుందండీ" అని తలుపు పక్కన కూర్చున్నాను. గోడ వారన పట్టీ వచ్చి వచ్చి, తలుపు చట్రానికి బెత్తెడు ముందు ఆగిపోయింది. దాని కొస ఏటవాలుగా ఉంది. ముందు దాన్ని నిలువుగా కోసి సరిచేయాలి. కోస్తున్నంతసేపూ బాబాయిగారు పక్కన నిలబడి, బస్సు వెనక్కి తీసేవాడికి చెప్పినట్టు, "రానీ, రానీ, కొంచెం కుడి, ఆఁ ఆపు" అంటూనే ఉన్నారు. తర్వాత కొలత టేపు కొస ఆయనే పట్టుకున్నారు. నేను కొలత చూసుకుని, ఇంటికొచ్చి ముక్క కోసి, మర్నాడు తీసుకెళ్లాను.

పొట్టిదైంది. ఆయనకి చేతకాలేదన్న మాట తుడుద్దామని వచ్చి, నాకూ చేతకాదని రుజువు చేసుకున్నాను.

బాబాయిగారు మాత్రం దీపావళి టపాసు చూసినట్టు వెలిగిపోయారు. "అచ్చం నీ మొగుడే. కూర్చో, టీ పెడతా." వంటగదిలో రెండు గ్లాసులు ముందే కడిగి బోర్లించి ఉన్నాయి. ఆయన అటు వెళ్లాక నేనొక్కదాన్నే మళ్లీ కొలిచాను. కొలత తేడా వచ్చింది. నిన్న టేపు కొస ఆయన చట్రం దగ్గర పట్టుకోలేదు, బొటనవేలంత ఇవతల పట్టుకున్నారు. ముసలాయన చూపు ఆనక పట్టుకున్నారేమో అనుకున్నాను.

తర్వాత కుట్టుపని అక్కయ్యగారింటికి. మేడ మీద ఒక్క గది. ఆవిడొక్కరే, బట్టల గుట్ట మధ్య కుట్టు మిషను ముందు కూర్చుని ఉంటారు. బెత్తెడు వెలితి ఆ మిషను వెనకే ఉంది.

"ముక్క పెడతావా? ఎందుకే పెట్టడం?" అన్నారావిడ, నోట్లో ఉన్న గుండుసూదులు తీసి. "నా చేతిలోంచి జారిన సూదులన్నీ దొర్లుకుంటూ ఆ సందులోకే చేరతాయి. అది పూడ్చేస్తే నేనెక్కడని వెతుక్కోను?"

"సూదులు దొర్లుతాయా అక్కయ్యగారూ?"

"మా ఇంట్లో దొర్లుతాయి." ఇంకో సూది నోట్లో పెట్టుకుని, పళ్ల మధ్యనుంచే అన్నారు. "వచ్చేవారం రా. ఆలోచించి చెప్తా. వచ్చేటప్పుడు తీరుబడిగా రా, ఆయనలా నిలబడి మాట్లాడి పోవద్దు."

నాకేమీ అంతు చిక్కలేదు. ముక్క పెట్టలేదని అందరూ ఆడిపోసుకున్నవాళ్లే. పెడతానంటే వద్దంటారేమిటి.

ఇలా కాదని, వీధి చివర పెద్దింటికి వెళ్లాను. అక్కడ ముగ్గురు అన్నదమ్ములు, తోటికోడళ్లు, పిల్లలు, అత్తగారు, ఆవిడ అక్కగారు. ఎప్పుడు చూసినా గుమ్మంలో చెప్పులు కుప్పలు పోసి ఉంటాయి. ఆ ఇంటి ముక్క మాట కన్నంలోంచి విన్న గుర్తు లేదు కానీ, పని చాలా పెద్దది. బెత్తెడు కాదు, బారెడు మిగిలిపోయి ఉంటుందని భయపడుతూ వెళ్లాను.

"ముక్కా? ఏ ముక్కమ్మా?" అంది పెద్దకోడలు. "మాకేం మిగల్లేదే. మీ ఆయన అన్నరోజుకి ముగించేశాడు. వెళ్తూ వెళ్తూ ఊడ్చి కూడా పెట్టాడు."

"మా ఆయనేనా?"

"ఇంకెవరు. నేల మీద పడుకుని చూస్తాడే, ఆయనే."

నేను నమ్మలేదు. సంచి గుమ్మంలో పెట్టి, ఆవిడ వద్దంటున్నా వినకుండా, మోకాళ్ల మీద గదులన్నీ తిరిగాను. మంచాల కింద చూశాను, బీరువాల వెనక చూశాను. పిల్లలు ఆటనుకుని నా వెనకే పాకడం మొదలుపెట్టారు. ఎక్కడా వేలు దూరే సందు లేదు. ప్రతి పట్టీ వచ్చి చట్రాన్ని ముద్దుగా ఆనుకుని ఉంది. ఆఖరి గదిలో ఆఖరి మూల చూసి అక్కడే గోడకి చేరగిలబడ్డాను. ఆ మూల మీద అరచెయ్యి పెట్టాను. మా ఆయన పూర్తిచేసిన పనిని తాకడం నాకదే మొదలు.

ఇంటికొస్తూ ఒక్కో ఇల్లూ తలుచుకున్నాను. బెత్తెడు మిగిలినవి ఏవి, మిగలనివి ఏవి. డ్రైవరు బాబాయిగారు. కుట్టుపని అక్కయ్యగారు. భర్త పడవల మీద పనికిపోయి ఎన్నాళ్లకో గాని రాని ఆవిడ. పిల్లలు మాట్లాడని పాత పోస్టుమాస్టరుగారు. బెత్తెడు మిగిలినవన్నీ ఎవరూ తలుపు తట్టని ఇళ్లే. చెప్పుల కుప్పలున్న ఏ ఇంట్లోనూ ఆయన వెలితి ఉంచలేదు. ఆ ఇళ్లవాళ్లు మా గుమ్మం తొక్కనేలేదు, మాట్లాడనేలేదు, పని అయిపోయింది కాబట్టి మర్చిపోయారు. ఆయన పేరు నిలబెట్టింది ఈ మిగిలినవాళ్ల కేకలే.

ఆడపడుచుకి చెప్తే వంటగది గట్టు మీద కూలబడింది. చాలాసేపు ముక్కు చీదుకుని, తర్వాత చీమల రోడ్డు వంక చూసింది.

"మరి మీ ఇంట్లో ఎందుకు వదిలేశాడు వదినా? నువ్వెప్పుడూ ఇంట్లోనే ఉన్నావుగా."

నేనూ అదే ఆలోచించాను. ఎంత ప్రేమగా ఆలోచించినా ఒకటే తేలింది.

"అది మాత్రం ఉత్త బద్ధకమేనే."

మర్నాడు డ్రైవరు బాబాయిగారింటికి కొత్త ముక్క తీసుకెళ్లాను. నేను ఒక్కదాన్నే కొలిచిన కొలతకి కోసింది. తలుపు తెరిచిన మనిషి దాని పొడవు చూడగానే గ్రహించేశారు.

"ఈసారి సరిపోయేట్టుందే" అన్నారు.

"బాబాయిగారూ, మీకు తెలుసు కదా. ఆయన కావాలనే పొట్టిగా కోసేవారని."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. గుండీలు ఈరోజు సరిగ్గా పెట్టుకున్నారు.

"మొదటిసారి నిజంగానే తప్పిందమ్మాయ్. ముక్క పొట్టిదైంది, మళ్లీ వస్తానన్నాడు. మీ పిన్ని పోయాక మళ్లీ వస్తానని ఈ ఇంట్లో ఎవరూ అన్లేదు. ఇల్లు ఊడ్చుకుని, గడ్డం గీసుకుని కూర్చున్నా. వచ్చాడు, తలుపు తీసిన నా మొహం చూశాడు. సంచిలోంచి ముక్క తీయబోయి ఆగి, 'ఇదీ పొట్టిదే బాబాయ్' అన్నాడు. అప్పటికి కొలిచి చూడనేలేదు ఆడు. ఒంటరిగా ఉన్నానని నేను చచ్చినా చెప్పను. ఆడూ అనడు. కొలత తప్పిందంటాడు. ఊరంతా ఆణ్ని వెక్కిరిస్తుంటే, నేను కూడా నాలుగు తిట్లు కలిపేవాణ్ని. లేకపోతే అనుమానం రాదూ."

నేను పనిలో పడ్డాను. ముక్కని సందులోకి జరిపాను. చప్పుడు లేకుండా దూరింది. ఇటు పట్టీకీ అటు చట్రానికీ మధ్య వెంట్రుక కూడా పట్టదు. వేలితో తడిమితే ఎక్కడ అతుకో తెలియలేదు. ఇంక రెండు మేకులు కొడితే అయిపోయినట్టే. ఈ గోడ దగ్గరికి ఎవరు వచ్చినా బెత్తెడు మేస్త్రికి చేతకాలేదనడానికి లేదు. నేను కోరుకున్నది అదే.

"సరిపోయింది" అన్నారు బాబాయిగారు.

"సరిపోయిందండీ."

"బావుంది. పనైపోయింది." ఆయన లేచి, టీకని ముందే తెచ్చిపెట్టిన ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని, నెమ్మదిగా వంటగదిలోకి నడిచారు. నీళ్ల చప్పుడు వినిపించింది. రెండు గ్లాసులు కడగడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు వినిపించింది.

సామాన్ల కొట్టాయన ఏమనుకుంటే నాకేం. నేను ముక్కని గోటితో మీటి ఇవతలికి లాగాను. కాలి కింద అదిమిపెట్టి, మిషను ఆన్ చేశాను.

ఆ చప్పుడుకి బాబాయిగారు తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. "ఏం చేస్తున్నావు?"

"బిగుతుగా ఉందండీ. కాస్త తీస్తున్నా."

"బిగుతేంటి, వెన్నలా దూరిందిగా."

"వానాకాలం చెక్క ఉబ్బుతుంది బాబాయిగారూ."

కోసిన ముక్కని మళ్లీ సందులో పెట్టి చూపించాను. పక్కన వేలెడు ఖాళీ తేలింది. "అయ్యో, పొట్టిదైపోయింది" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. నా మొహంలో అది ఎంత తెలిసిపోయిందో ఆయన మొహం చూస్తే తెలిసింది.

"ఇప్పుడెలా మరి?" అన్నారు, తడి చేతులు తుడుచుకుంటూ.

"ఇంకోటి కోసుకుని వస్తాను. మంగళవారం."

బాబాయిగారు ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని, కిటికీ వెలుగులో పెట్టి, కోసిన కొసని బొటనవేలితో రుద్దారు. వేలికి నల్లగా మసి అంటింది.

"ఇదేం కోత అమ్మాయ్. నొక్కేశావు, మాడిపోయింది. నీ మొగుడు ఎంత నీటుగా తప్పు కోసేవాడనుకున్నావు."

"నేర్చుకుంటానండీ."

"నేర్చుకో" అంటూ పొయ్యి దగ్గరికి వెళ్లారు. "తొందరేం లేదు."